సీటు కింద ఏడో కాగితం

మా ఆయనకు కాగితాలకు నంబర్లు వేసే అలవాటు ఉంది. ప్రభుత్వ జూనియర్ కాలేజీ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఇంటికి వచ్చిన ప్రతి కాగితానికీ కుడివైపు పై మూలన ఎర్ర పెన్నుతో నంబరు వేసి, చుట్టూ సున్నా చుట్టి ఫైల్లో పెడతాడు. ఏ కాగితమూ పారేయడు. మా పెళ్లప్పుడు ఫొటోలు తీసిన స్టూడియో రసీదు ఇప్పటికీ మా బీరువాలో ఉంది. ఈ రెండు అలవాట్లే ఆయన్ని పట్టిచ్చాయి. భర్త గురించి రాసేటప్పుడు ‘వేస్తారు, పెడతారు’ అని రాయాలని నాకూ తెలుసు. ఇంకా మనసు రావడం లేదు.

నా పేరు సుజాత. ఉండేది చిలకలగూడలో. రాంగోపాల్‌పేటలో మెయిన్ రోడ్డు మీంచి లోపలికి తిరిగే సందులో నాకు చిన్న మ్యాచింగ్ సెంటర్ ఉంది. చీర పట్టుకొస్తే దానికి సరిపడా జాకెట్టు గుడ్డ, ఫాల్, లంగా వెతికి ఇస్తాను. ఈ పనిలో కళ్లు ఎంత ముఖ్యమో నోరూ అంతే ముఖ్యం. పొద్దుటినుంచి సాయంత్రం దాకా మాట్లాడుతూనే ఉండాలి. పోయిన జూలైలో, లష్కర్ బోనాల హడావుడిలో, నా గొంతు కాస్త బొంగురుపోయింది. మెడకు ఎడమ పక్కన రేగుపండంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేనిది ఏం చేస్తుందిలే అని శ్రావణమాసం గిరాకీ అయిపోయేదాకా ఆగుదామనుకున్నాను. మా అమ్మాయి హారిక డిగ్రీ చివరి సంవత్సరం. అదే పోరుపెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

ఆగస్టులో ఆసుపత్రిలో పరీక్షకని గొంతులోంచి చిన్న ముక్క తీశారు. గొంతులో టాన్సిల్ దగ్గర క్యాన్సర్ అన్నారు. పాన్ లేదు, జర్దా లేదు, ఇంట్లో సిగరెట్ వాసన కూడా లేదు. నాకెందుకొచ్చిందని అడిగితే అక్కడి జూనియర్ డాక్టరు, “అందుకే మేడమ్, అదే ముక్క మీద ఇంకో టెస్ట్ చేస్తున్నం. పి16 అంటరు. ఇది ఏ రకం జబ్బో, ట్రీట్‌మెంట్‌కు మాట వింటదో మొండికేస్తదో దాన్ని బట్టి కొంత అంచనా దొరుకుతది” అన్నాడు. వారం రోజులు ఆ ఒక్క మాటతోనే పడుకున్నాను, లేచాను. నాకు అర్థమైనంత వరకు నా బతుకు ఎటు పోతుందో ఆ కాగితంలో ఉంటుంది.

రిజల్ట్ వచ్చిన రోజు మాత్రం నాకు ధైర్యం చాలలేదు. నన్ను చూసే పెద్ద డాక్టరమ్మ గది తలుపు దాకా వెళ్లి ఆగిపోయాను. “మీరు పోయి వినుండ్రి. నాకేం చెప్పకుండ్రి. ఫైలు సుత మీ కాడనే ఉండనియ్యుండ్రి” అని మా ఆయనతో అన్నాను. ఆ తప్పు పూర్తిగా నాదే, ఎవరి మీదా తోయను. బయట స్టీలు కుర్చీలో కూర్చుని ఎదురుగా గోడ మీద రంగు పెచ్చులు లెక్కపెట్టుకున్నాను. అరగంట తర్వాత ఆయన వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. పక్కన కూర్చుని, నా చెయ్యి పట్టుకుని, “ఏం గాదు సుజాత, మంచిగైతదట” అన్నాడు.

ఆ వాక్యం నాకు బాగా తెలుసు. ఎనిమిదేళ్ల కింద మా నాయనకు కడుపులో క్యాన్సర్ వస్తే, ఆయనకు చెప్పొద్దని ఇంటిల్లిపాదీ కూర్చుని తీర్మానం చేశాం. అల్సర్ అని చెప్పాం. రోజూ జావ తాగించి, మూతి తుడిచి, “ఏం గాదు నాయినా, మంచిగైతదట” అనే పని నాకు అప్పజెప్పారు. నాలుగు నెలలు అన్నాను. చివరి నెలలో ఆయన నా వైపు చూసి చిన్నగా నవ్వేవాడు, ఆ నవ్వుకు అర్థమేంటో నేను ఎవరినీ అడగలేదు. అదే వాక్యం, అక్షరం పొల్లు పోకుండా, ఇప్పుడు నా చెవిలో పడింది. ఇక నాకు వేరే చెప్పాల్సిన అవసరం ఏముంది? నా రిపోర్టు చెడ్డది అని నేను తేల్చేసుకున్నాను.

సెప్టెంబర్ మొదటి వారంలో కరెంటు పెట్టడం మొదలైంది. రేడియేషన్‌ను మా వైపు అలాగే అంటారు. ముప్పై అయిదు సిట్టింగులు, వారానికి అయిదు రోజులు, మధ్యలో వారానికొకసారి సెలైన్‌లో మందు. మొహానికి అచ్చు తీసి వలలాంటి మాస్కు చేశారు. దాన్ని మొహం మీద పెట్టి బల్లకు బిగించేస్తారు, కదలడానికి ఉండదు. రోజూ పొద్దున మా ఆయన స్కూటీ మీద తీసుకెళ్లేవాడు. ఫైలున్న సంచి ముందు కొక్కేనికి వేలాడేది, నేను వెనకాల కూర్చుని ఆయన భుజం పట్టుకునేదాన్ని. ఒక్కరోజు ఆలస్యం చేయలేదు. ఒక్కరోజు విసుక్కోలేదు. ఇది కూడా రాయకపోతే అన్యాయం అవుతుంది.

వెయిటింగ్ హాల్లో బన్సీలాల్‌పేట బాలమణి అక్క పరిచయమైంది. మెట్ల బావి దగ్గర ఇల్లు, పూల దండలు కట్టే పని, ముప్పై ఏళ్లుగా జర్దా. ఆమెకూ గొంతులోనే, నాకన్నా వారం ముందు మొదలుపెట్టారు. ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన పిల్లల్లాగా ఆ హాల్లో అందరూ ఎవరికేం వచ్చిందో అడిగి తెలుసుకుంటారు. నేను వచ్చిన మొదటి రోజే అక్క అడిగింది.

“నీ పి16 ఏమొచ్చిందే?”

“తెల్వదక్కా. నాకు చెప్పలే.”

“నాది నెగటివ్. యాడనన్న నెగటివ్ రావాలని మొక్కుతరు, ఈడ పాజిటివ్ వస్తెనే మంచిదంట. డాక్టరమ్మ సాఫ్ సాఫ్ చెప్పింది, నీది జెర మొండి రకం, గట్టిగ కొట్లాడాలె అని. నీకెందుకు చెప్పలే?” అని నా మొహంలోకి చూసి, తర్వాత గొంతు తగ్గించి, “దాసిపెట్టిన్రంటే... పోనీలే, దేవుడున్నడు” అంది. ఇద్దరికీ ఒకటే తోచింది. మన దగ్గర మంచి వార్తను ఎవరైనా దాస్తారా? మిఠాయి డబ్బా పట్టుకుని మరీ చెప్తారు.

మూడో వారానికి నోట్లో తడి పోయింది. అన్నం మట్టిలా, నీళ్లు ఇనుములా ఉండేవి. నాలుగో వారంలో ముక్కులోంచి గొట్టం వేశారు. మెడ మీద తోలు నల్లబడి ఊడింది. మాట పూర్తిగా పోయింది, ఏం కావాలన్నా పలక మీద రాసేదాన్ని. హారిక కాలేజీ మానేసి రెండు గంటలకోసారి గొట్టంలో పాలు, రాగిజావ పోసేది. పోస్తూ అటు తిరిగి కళ్లు తుడుచుకునేది. అది ఏడిస్తే నాకు కోపం వచ్చేది. ఒకరోజు పలక విసిరికొట్టాను. పాపం, కింద పడ్డ పలకను తీసి, పగుళ్లకు టేపు అంటించి మళ్లీ నా పక్కనే పెట్టింది.

అక్టోబర్ మొదట్లో ఒకరోజు మందు ఎక్కించే ముందు ఇంజక్షన్లు తేవడానికి మా ఆయన ఫార్మసీకి వెళ్లాడు. సంచి నా ఒళ్లో ఉంది. చూడనని ఒట్టు పెట్టుకున్న ఫైలును తెరిచాను. ఎర్ర సున్నాల్లో నంబర్లు వరసగా ఉన్నాయి. అయిదు, ముక్క తీసిన రిపోర్టు. ఆరు, స్కాన్. తర్వాత ఎనిమిది. మళ్లీ వెనక్కి తిప్పాను. ఆరు, ఎనిమిది. ఏడు లేదు. సున్నాలు చుట్టే మనిషి ఒక నంబరు దాటేస్తే అది మరిచిపోయి కాదు. నా చావు రాసి ఉన్న కాగితాన్ని నా కంట పడకుండా తీసి ఎక్కడో పెట్టాడని అర్థమైంది. ఆ క్షణం ఆయన మీద కోపం రాలేదు, జాలి వేసింది. ఆ జాలి తలుచుకుంటే ఇప్పుడు నామీద నాకే మంట.

మర్నాడు పొద్దున స్కూటీ ఎక్కలేదు. పలక మీద ‘ఇంక చాలు’ అని రాశాను. ఎలాగూ పోయేదానికి ఈ మంటెందుకు, పిల్ల చదువు పాడెందుకు అనుకున్నాను. ఆయన బతిమాలాడు. “నా మీద ఒట్టు సుజాత, మంచిగైతది, డాక్టరే చెప్పింది” అని తల మీద చెయ్యి పెట్టుకుని ఒట్టేశాడు. నేను మా నాయనకు దేవుడి పటం మీద చెయ్యేసి చెప్పినదాన్ని. రెండోరోజు మధ్యాహ్నం హారిక మందుల కోసం బయటికి వెళ్లినప్పుడు ఆయన్ని సైగతో పిలిచి కూర్చోబెట్టాను. పలక మీద చిన్న అక్షరాలతో రాశాను: ‘నేను పోయినంక ఒక్కరే ఉండకండి. హారికకు చెప్పి ఇంకో పెళ్లి చేసుకోండి.’ ఆయన అది చదివి, నా కాళ్ల దగ్గర కూలబడి, పాదాలు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. నేను తల నిమిరాను. ఎంత ప్రేమ అనుకున్నాను.

అయిదోరోజు బాలమణి అక్క ఆటోలో వచ్చింది. ఆమె మెడ నాకంటే నల్లగా ఉంది. మెట్లెక్కడానికి రెండుసార్లు ఆగింది. లోపలికి వస్తూనే మొదలుపెట్టింది.

“ఏందే, ఇస్కూల్ ఎగ్గొట్టినట్టు ఎగ్గొట్టి కూసున్నవ్?”

‘నాది చెడ్డదక్కా. కాగితం దాచారు’ అని రాశాను. ఆమెకు చదువు రాదు. హారిక తలుపు దగ్గర నిలబడి చదివి వినిపించింది.

“చెడ్డదే అనుకో. అయితేంది? నాది సుత చెడ్డదే, నాకు తెల్సు. తెల్సి రోజూ పోతలేనా? నువ్వు రాకపోతె నా పక్కన కూసునేది ఎవరు? ఆ గుంటూరు ముసలాయన పేపర్ సదువుకుంట కూసుంటడు, ఒక్క ముచ్చట చెప్పడు. లే, ఇద్దరం పోదాం. ఆటో కింద ఆగి ఉంది.”

బతుకుతానని కాదు, ఆమె కోసం లేచాను. నాలుగు రోజులు మానేసినందుకు డాక్టరమ్మ మండిపడింది. “మధ్యలో గ్యాప్ ఇస్తే జబ్బుకు బలం ఇచ్చినట్టేనమ్మా. మీలాంటి కేసు మానేస్తే నాకెంత బాధగా ఉంటుందో తెలుసా?” అంది. మీలాంటి కేసు అంటే చేయి దాటిపోయిన కేసు అని నేను అర్థం చేసుకున్నాను. ఆ తర్వాత శనివారాలు కూడా రమ్మని ఆ లోటు పూడ్చారు. బతుకమ్మ పాటలు వీధిలో వినిపిస్తుంటే కిటికీ వేయించేదాన్ని. నవంబర్ రాకముందే ముప్పై అయిదూ అయిపోయాయి. ఆ చివరి రోజు బల్ల మీంచి దింపిన టెక్నీషియన్ కేరళ అమ్మాయి, నర్స్ చేతిలోంచి గ్లాసు తీసుకుని, “స్లోగా అమ్మా” అని తానే నా పెదాలు తడిపింది. ఆ అమ్మాయి పేరు కూడా నాకు తెలియదు.

జనవరిలో స్కాన్ తీశారు. అప్పటికి గొట్టం తీసేశారు, మెత్తటి అన్నం దిగుతోంది, గొంతు పెగిలి మాట గరగరగా వస్తోంది. రిపోర్టు చెప్పే రోజు కాలేజీలో తనిఖీ ఉందని మా ఆయన రాలేకపోయాడు. హారిక, నేను వెళ్లాం. ఈసారి నా బదులు విని వచ్చేందుకు ఆయన లేడు కాబట్టి లోపలికి వెళ్లాను.

డాక్టరమ్మ స్కాన్ చూసి నవ్వింది. “క్లియర్‌గా ఉంది. నేను మొదట్లోనే చెప్పాను కదా, మీది పి16 పాజిటివ్, పైగా పొగాకు అలవాటు లేదు, ఈ రకం బాగా రెస్పాండ్ అవుతుందని.”

“నాకెవరు చెప్పలే మేడమ్.”

“మీ హస్బెండ్‌ని అరగంట కూర్చోబెట్టి చెప్పానమ్మా. ప్రింట్ కూడా ఇచ్చాను, ఆమెకు చూపించండి, ధైర్యంగా ఉంటుందని. పాపకు వ్యాక్సిన్ వేయించమని కూడా చెప్పాను. వేయించారా?”

హారిక నా వైపు చూసింది. ఏం వ్యాక్సిన్ అని అది అడిగింది. డాక్టరమ్మ స్క్రీన్ మా వైపు తిప్పి, నెమ్మదిగా, ఏ దాపరికం లేకుండా చెప్పింది. పి16 పాజిటివ్ అంటే ఇది ఒక వైరస్ వల్ల వచ్చే రకం, వ్యాక్సిన్ ఆ వైరస్ రాకుండా వేసేదే. శరీర సంబంధాల ద్వారా అంటుకుంటుంది. చాలామందికి అంటుకుని తనంతట తానే పోతుంది, కొందరిలో ఏళ్ల తరబడి నిద్రపోయి లేస్తుంది. ఎవరి నుంచి, ఎప్పుడు వచ్చిందో ఏ పరీక్షా చెప్పదు. “అందుకని దాని గురించి ఇంట్లో ఎవరూ ఎవరినీ వేలెత్తి చూపొద్దమ్మా” అంది. తల ఊపాను. నేను వేలెత్తి చూపాల్సిన పని లేకుండా ఆయనే చూపించుకున్నాడు కదా.

ఇంటికొచ్చి వెతికాను. బీరువా, పరుపు కింద, పాత ఫైళ్ల కట్టలు, దేవుడి అర. ఎక్కడా లేదు. పారేయడు, అది నాకు తెలుసు. చివరికి స్కూటీ తాళం గుర్తొచ్చింది. తనిఖీ రోజు కదా అని కొలీగ్ కారులో వెళ్లాడు, బండి కిందే ఉంది. సీటు ఎత్తి డిక్కీ తెరిచాను. బండి కాగితాల పౌచ్. అందులో ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్. వాటి వెనక నాలుగు మడతలు పెట్టిన కాగితం. మూలన ఎర్ర సున్నాలో ఏడు. దాచేదానికి కూడా నంబరు వేశాడు మహానుభావుడు. డాక్టరమ్మ దాని మీద పెన్నుతో ‘గుడ్’ అని రాసి రెండు గీతలు గీసింది.

దాదాపు రెండు నెలలు నేను ఆ కాగితం మీదే కూర్చుని ఆసుపత్రికి పోయాను.

ఆయన సాయంత్రం ఇంటికి వచ్చేసరికి దాన్ని బల్ల మీద పరిచి, గాలికి ఎగరకుండా ఉప్పు డబ్బా పెట్టాను. హారికను గదిలోకి పొమ్మన్నాను. అది పోలేదు, తలుపు పక్కన నిలబడింది. ఆయన చూశాడు. చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూర్చున్నాడు.

“మంచిగైతదని రోజూ చెప్పిన గద సుజాత. అబద్ధం చెప్పలే.”

“మా నాయినకు నేను సుత గట్లనే చెప్పిన. మీరు పక్కనే ఉన్నరు గద. మాట నేనెట్ల నమ్ముత? కాగితం చూపియ్యాలె గద.”

“చూపిస్తె అడుగుతవ్ గద... యాడికెళ్లి వచ్చిందని.”

“అడుగుతుంటి. అడిగితే?”

ఆయన ఉప్పు డబ్బా పక్కకు జరిపి, కాగితాన్ని మళ్లీ మడతల్లో పెట్టాడు. తర్వాత చెప్పాడు. హారిక ఒకటో తరగతి చదివేటప్పుడు సంగారెడ్డిలో పోస్టింగ్. వారానికొకసారి ఇంటికి వచ్చేవాడు. ఒకామె. రెండేళ్లు. పేరు చెప్పబోతే వద్దన్నాను. ఆ రెండేళ్లూ ప్రతి శనివారం సాయంత్రం బస్సు దిగే టైముకు నేను వేడిగా జొన్నరొట్టెలు చేసి పెట్టేదాన్ని. అది గుర్తొచ్చింది, ఇంకేం గుర్తు రాలేదు.

“గా రోజు నా కాళ్లు పట్టుకొని ఏడ్సినవ్” అన్నాను. ఇరవై మూడేళ్లలో ఆయన్ని ఏకవచనంలో పిలవడం అదే మొదలు. “ఇంకో లగ్గం చేసుకో అని రాసిచ్చిన. అప్పుడు సుత కింద డిక్కీలనే ఉండె గద ఇది? రెండు నిమిషాల పని. నేను సస్తున్ననని అనుకున్నా ఓర్సుకున్నవ్. నేను అడుగుతననుకుంటె ఓర్సుకోలేకపోయినవ్.”

ఆ ఇంకొకామె గురించి నేను ఆలోచించనని అబద్ధం చెప్పను. కానీ నన్ను ఎక్కువగా కోసేది అది కాదు. మా షాపులో ట్యూబ్‌లైట్ కింద ఏ రంగు చూపినా ఆడవాళ్లు నమ్మరు, గుడ్డ పట్టుకుని బయట మెట్ల మీదికి పోయి ఎండలో చూసుకుంటారు. నేనే తోడు వెళ్లి చూపిస్తాను. అంతమందికి చూపించినదాన్ని, నాది నాకు చూపించే మనిషి లేకపోయాడు. ఆ కాగితం చూసుంటే మంట తగ్గేది కాదు, మందు మారేది కాదు. కానీ నాలుగు నెలలు చచ్చినట్టు బతికేదాన్ని కాదు. ఆ నాలుగు రోజులు మానేసేదాన్ని కాదు. అక్క రాకపోయుంటే మంచి రకం జబ్బుతోనే పోయేదాన్ని.

అక్కకు ఆ కాగితం చూపించడానికి భయపడ్డాను. మార్చిలో ఆమెకు మళ్లీ తిరగబెట్టింది. ఇప్పుడు మూడు వారాలకొకసారి ఇంజక్షన్ ఎక్కిస్తున్నారు. చివరికి ఒకరోజు ఆమె మంచం పక్కన కూర్చుని, ‘పాజిటివ్’ అని రాసి ఉన్న చోట ఆమె వేలు పెట్టించాను. “గిదేనా? నీది మంచిదే గదనే, పిచ్చిదానా!” అని ఆమె ఎంత సంతోషపడిందంటే, నేను ఆమె దుప్పట్లో మొహం పెట్టుకుని ఏడ్చాను. రిపోర్టు వచ్చిననాడు మా ఇంట్లో ఎవరైనా అలా సంతోషపడాల్సింది.

ఇంట్లోంచి ఎవరూ ఎక్కడికీ పోలేదు. ఆయన ముందు గదిలో పడుకుంటాడు, నాన్నతో హారిక అవసరానికి మాట్లాడుతుంది. దానికి వ్యాక్సిన్ నేనే దగ్గరుండి వేయించాను. ఇది చదివేవాళ్లలో ఎవరైనా ఇప్పుడు ఆ స్టీలు కుర్చీల్లో కూర్చుని ఉంటే నేను చెప్పేది ఒకటే. భయమేసినా సరే, లోపలికి పొండి. మీ కాగితం మీరు చదవండి, చదువు రాకపోతే చదివించుకోండి.

ఏప్రిల్‌లో మళ్లీ చెకప్‌కు పిలిచారు. స్కూటీ మీద తీసుకెళ్తానని ఆయన పొద్దున్నే బండి తుడిచి పెట్టాడు. నేను ఆటోలో పోయాను. ఆయన వెనకాలే వచ్చాడు. డాక్టరమ్మ గది దగ్గర నాతోపాటు లేవబోతే, “మీరు బయట కూసోండ్రి” అన్నాను. హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. లోపల డాక్టరమ్మ గొంతులో కెమెరా పెట్టి చూసింది. మెడ తడిమి చూసింది. ఏమీ లేదంది, కాగితం మీద రాసిచ్చింది. దానికి నంబరు నేనే వేసుకున్నాను.

బయటికి వచ్చేసరికి ఆయన నిలబడి ఉన్నాడు. గోడ మీద ఆ పెచ్చులు ఇంకా అలాగే ఉన్నాయి. నా చేతిలోని ఫైలు వైపే చూస్తున్నాడు. పాలిపోయిన ఆ మొహాన్ని నేను ఇంతకుముందు ఒకసారి ఇదే చోట చూశాను. ఫైలు సంచిలో పెట్టి, జిప్పు లాగాను.

“ఏం గాదట” అన్నాను. “మంచిగైతదట.”